వాంతులు, వదంతులు, ఒక సబ్బు ముక్క

తల్లిదండ్రులకు నమస్కారం.

ఈ నెల వార్తాలేఖలో సైన్స్ ఫెయిర్ ఫొటోలు వేద్దామనుకున్నాను. అవి వచ్చే నెలకు వాయిదా పడ్డాయి, ఎందుకో మీకు తెలుసు. పది రోజులుగా మీ వాట్సాప్ గ్రూపుల్లో నడుస్తున్నదంతా నాకూ చేరుతూనే ఉంది. ఒకే మెసేజ్‌ను తొమ్మిది మంది నాకు ఫార్వర్డ్ చేశారు: "స్కూల్ ట్యాంకు నీళ్లు పాడయ్యాయి, వంద మంది పిల్లలు ఆస్పత్రిలో ఉన్నారు." ఆస్పత్రిలో చేరింది ఇద్దరు. ఒక రాత్రి సెలైన్ పెట్టి మర్నాడు ఇంటికి పంపేశారు. వాళ్లలో ఒకడు నిన్న ఆటస్థలం గోడ ఎక్కబోతూ నాకే దొరికాడు కాబట్టి బాగానే కోలుకున్నాడని చెప్పగలను.

జరిగింది ఇది. సోమవారం మూడో పీరియడ్‌లో నాలుగో తరగతి బి సెక్షన్‌లో ఒక బాబు బెంచీ మీదే వాంతి చేసుకున్నాడు. టీచర్ వాణ్ణి సిక్ రూమ్‌కు తీసుకెళ్లారు. ఆయమ్మ వచ్చి తుడిచింది. తర్వాత అదే మాప్‌తో, అదే బకెట్ నీళ్లతో పక్కనున్న ఎ సెక్షన్ కూడా తుడిచింది. ఆమెను ఏమీ అనకండి. వాంతి పడిన చోటును ఎలా శుభ్రం చేయాలో ఆమెకు ఎవరూ ఎప్పుడూ చెప్పలేదు. చెప్పాల్సింది నేను. బుధవారానికి బి సెక్షన్‌లో పదకొండు మంది, ఎ సెక్షన్‌లో ఆరుగురు, ఇద్దరు టీచర్లు పడకేశారు.

ట్యాంకు నీళ్లు పరీక్షకు పంపించాం. బాగానే ఉన్నాయని రిపోర్టు వచ్చింది, నోటీసు బోర్డులో పెట్టాం. రిపోర్టు దాకా ఎందుకు, మూడంతస్తుల పిల్లలూ తాగేది ఆ ట్యాంకు నీళ్లే. లోపం నీళ్లలో ఉంటే పక్కపక్కనున్న రెండు గదుల్లోని వాళ్లే ఎందుకు జబ్బుపడతారు? డాక్టర్ గారు పంపిన శాంపిళ్లలో నోరోవైరస్ అని తేలింది.

ఈ వైరస్‌కు ఆ పేరు రావడానికి కారణం కూడా ఒక బడే. 1968లో అమెరికాలో ఒహాయో రాష్ట్రంలోని నార్వాక్ అనే ఊళ్లో, ఒక ప్రాథమిక పాఠశాలలో పిల్లలూ టీచర్లూ కలిపి సగం మంది వాంతులతో మంచం పట్టారు. వాళ్ల నుంచి ఇళ్లలోని వాళ్లకూ అంటుకుంది. ఎంత వెతికినా అప్పుడు కారణం దొరకలేదు. 1972లో గానీ అది ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద కంటపడలేదు. ఊరి పేరే వైరస్‌కు పెట్టారు, అదే తర్వాత నోరోవైరస్ అయింది. ఆ నాలుగేళ్లూ అక్కడి హెడ్ ఊళ్లో వాళ్లకు ఏం సమాధానం చెప్పుకున్నారో పాపం. ఒక్కటే అదృష్టం, అప్పట్లో వాట్సాప్ లేదు.

ఇది ఒంట్లో చేరిన 12 నుంచి 48 గంటల్లో బయటపడుతుంది. వాంతులు, విరేచనాలు, కడుపునొప్పి, కొందరికి కాస్త జ్వరం. చాలామందికి 1 నుంచి 3 రోజుల్లో తగ్గిపోతుంది. యాంటీబయాటిక్స్ దీని మీద పనిచేయవు, కాబట్టి డాక్టర్ రాయలేదని ఆయన మీద అలగకండి. ఓఆర్‌ఎస్ కొంచెం కొంచెంగా, చెంచాతో అయినా సరే, తాగిస్తూ ఉండటమే పెద్ద వైద్యం. నోరెండిపోవడం, చాలాసేపు మూత్రం రాకపోవడం, ఏడిస్తే కన్నీళ్లు రాకపోవడం, మగతగా పడి ఉండటం కనిపిస్తే మాత్రం ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి తీసుకెళ్లండి.

చిక్కంతా ఎక్కడంటే, ఇది అంటుకోవడానికి కంటికి కనిపించని వైరస్ కణాలు చాలా కొద్దిగా ఉన్నా చాలు. వాంతులు తగ్గిన పిల్లల మలంలో కూడా ఇది కొన్ని రోజులు, ఒక్కోసారి రెండు వారాలకు పైగా, బయటికి వస్తూనే ఉంటుంది. అందుకే ఆఖరి వాంతి లేదా విరేచనం అయ్యాక 48 గంటలు నిండేదాకా పిల్లల్ని పంపొద్దని చెబుతున్నాం. పొద్దున బాగున్నాడు కదా అని పంపితే కుదరదు. లెక్క ఆఖరి వాంతి నుంచి.

ఇక్కడ కొంచెం మనసు విప్పి మాట్లాడతాను, ఏమీ అనుకోరనే నమ్మకంతో. ఆ వారం సిక్ రూమ్‌కు వచ్చిన పిల్లల్ని అడిగితే ఐదుగురు "రాత్రి ఇంట్లో కూడా అయింది మిస్" అన్నారు. ఒకరి కంపాస్ బాక్సులో చిన్న చీటీ చుట్టిన మాత్ర ఉంది. చీటీ మీద అందమైన చేతిరాతతో "మళ్లీ వస్తే వేసుకో, మిస్‌కి చెప్పకు" అని ఉంది. ఆ చేతిరాత ఎవరిదో నాకు తెలియదు, తెలుసుకునే ప్రయత్నమూ చేయలేదు. ఇద్దరూ ఉద్యోగాలకు వెళ్లే ఇంట్లో, పిల్లాణ్ణి చూసుకోవడానికి ఎవరూ లేకపోతే పొద్దున్నే ఎంత టెన్షనో నాకు తెలుసు. నా పిల్లలు చిన్నప్పుడు నేనూ పడ్డాను. అయినా అడుగుతున్నాను: మీ ఒక్కరోజు సెలవు ఆదా చేయడానికి పంతొమ్మిది ఇళ్లవాళ్లు మూడేసి రోజులు సెలవు పెట్టారు, అది మీకు న్యాయంగా ఉందా?

తప్పు మీ మీదే తోసేయను. ఆరేళ్ల కిందట "నూరు శాతం హాజరు" బ్యాడ్జ్ మొదలుపెట్టింది నేనే. దాని కోసం జ్వరంతో కాలిపోతూ కూడా వచ్చే పిల్లలున్నారని టీచర్లు చెబితే, పట్టుదల గల పిల్లలని మురిసిపోయాను. ఈ ఏడాది నుంచి ఆ బ్యాడ్జ్ లేదు. ఇప్పటికే ఎనిమిది నెలలు ఒక్క రోజూ మానకుండా వచ్చిన వాళ్లకు నా క్షమాపణలు. వాళ్లకు లైబ్రరీ నుంచి అదనంగా రెండు పుస్తకాలు తీసుకునే వీలు ఇస్తున్నాను. దాన్ని బహుమతిగా వాళ్లు ఒప్పుకుంటారో లేదో చూడాలి.

ఇక సబ్బు. నా సంగతి తెలిసిన వాళ్లు నవ్వుకుంటూ ఉండొచ్చు. నవ్వండి, ఫర్వాలేదు. 1847లో వియన్నాలోని పెద్దాసుపత్రిలో సెమ్మెల్‌వైస్ అనే డాక్టర్ ఉండేవాడు. అక్కడ రెండు ప్రసూతి వార్డులు. మంత్రసానులు చూసే వార్డు కంటే డాక్టర్లు, వైద్య విద్యార్థులు చూసే వార్డులో బాలింతలు చాలా ఎక్కువగా చనిపోతున్నారు. చదువుకున్నవాళ్ల చేతుల్లోనే ఎందుకు ఎక్కువ చావులు? ఆ చదువుకున్నవాళ్లు శవాలను కోసి పరీక్షించే గది నుంచి నేరుగా కాన్పుల గదికి వస్తున్నారు కాబట్టి. క్లోరిన్ కలిపిన సున్నపు నీళ్లలో చేతులు కడుక్కుని గానీ లోపలికి రావొద్దని ఆయన నియమం పెట్టాడు. ఏప్రిల్‌లో నూటికి 18 మంది పోతున్న వార్డులో జూన్‌కల్లా నూటికి 2కు దిగింది. అక్కడి రోగం వైరస్‌ది కాదు, బ్యాక్టీరియాది, సూక్ష్మక్రిముల గురించి ఆయనకే సరిగా తెలియదు. అయినా చేతులు కడిగించాడు, ప్రాణాలు నిలబెట్టాడు. దానికి ఆయనకు దక్కిందేమిటి? మా చేతులు మురికివంటావా అని తోటి డాక్టర్లు కోప్పడ్డారు. పిల్లల చేతులు కడిగించమని నేను రాసి పంపింది చూసి, "మా ఇంట్లో అంతా శుభ్రమే మేడమ్, మీరు ఇలా రాయడం బాగాలేదు" అని పోయిన వారం నాకు ఫోన్ వచ్చినప్పుడు నాకు ఆయనే గుర్తొచ్చాడు. పొద్దున్నే తానం చేసి, ఇస్త్రీ బట్టలు వేసుకున్న చేయి కూడా బస్సు కడ్డీ పట్టుకుంటుంది, తలుపు గడియ తీస్తుంది, ముక్కు తుడుచుకుంటుంది. అది మీ పెంపకం మీద మచ్చ కాదు. చేయి అన్నాక అంతే.

బ్యాగులకు తాళంగుత్తుల్లా వేలాడుతున్న శానిటైజర్ సీసాల గురించి కూడా చెప్పాలి. ఫ్లూ, కరోనా లాంటి వైరస్‌లకు పైన కొవ్వు పొర ఉంటుంది. ఆల్కహాల్ దాన్ని చీల్చేస్తుంది, సబ్బూ చీల్చేస్తుంది. నోరోవైరస్‌కు ఆ పొర లేదు, కాబట్టి శానిటైజర్‌ను నమ్ముకోవడానికి లేదు. సబ్బుతో రుద్ది దాన్ని చర్మం మీద నుంచి ఊడదీసి, పారే నీళ్లతో వదిలించుకోవాలి. కనీసం 20 సెకన్లు, వేళ్ల సందుల్లో, గోళ్ల కింద, బొటనవేలి చుట్టూ. బొటనవేలిని అందరూ మర్చిపోతారు, ఈసారి కడుక్కునేటప్పుడు మిమ్మల్ని మీరే చూసుకోండి.

మా పిల్లల గురించి చెప్పకుండా ఉండలేను. ఆరో తరగతి పిల్లలు ఒక పొద్దున ఒకే ఒక అమ్మాయి అరచేతులకు నీలం సుద్దపొడి రాసి, మామూలుగా ఉండమన్నారు. మధ్యాహ్నానికి నీలం ఎక్కడెక్కడ తేలిందో చూడాలి మీరు! తలుపు గడియ, పక్కమ్మాయి రబ్బరు, మూడు నీళ్ల బాటిళ్లు, మెట్ల కడ్డీ, వాళ్ల సైన్స్ సార్ చొక్కా భుజం. అన్నిటికంటే చిక్కగా కుళాయి పిడి మీద. మురికి చేత్తో కుళాయి తిప్పి, చేతులు శుభ్రంగా కడుక్కుని, మళ్లీ అదే పిడి పట్టుకుని కట్టేస్తున్నాం కదా అని ఆ అమ్మాయే కనిపెట్టింది. ఇన్నేళ్లుగా చేతులు కడుక్కోమని ఉపన్యాసాలిస్తున్న నాకు తట్టలేదు! పేరు వేయొద్దని చెప్పింది కాబట్టి వేయడం లేదు. మోచేత్తో తిప్పే పొడుగు పిడి కుళాయిలు వచ్చే వారం బిగిస్తున్నారు. అప్పటిదాకా పిడికి కూడా సబ్బు నురగ రాసి కడగమని పిల్లలకు చెప్పాం.

ఎనిమిదో తరగతి కుర్రాడొకడు నా గదికి ఒక చిత్తుకాగితం పట్టుకొచ్చాడు. భోజనానికి ముందు చేతులు కడుక్కోవడానికి మేమిచ్చే సమయం 5 నిమిషాలు, కుళాయిలు 6, పిల్లలు 200. తలా 9 సెకన్లు వస్తుంది మిస్, మీరు చెప్పే 20 సెకన్లు ఎక్కణ్ణించి తెమ్మంటారు అని అడిగాడు. నా దగ్గర సమాధానం లేదు. కుళాయిలు 12 చేస్తున్నాం, సమయం 15 నిమిషాలు చేశాం. మళ్లీ లెక్క వేసి తలా 54 సెకన్లని చెప్పి సంతకం కూడా చేసిచ్చాడు. ఆ కాగితం నా బల్ల అద్దం కింద ఉంది. ఇక చిన్నపిల్లలు 20 సెకన్లు తెలియడానికి మూడో ఎక్కం చదువుతూ రుద్దుకుంటున్నారు. రెండో తరగతి పాప ఒకతె తడబడుతూ పదమూడో ఎక్కం చదువుతుంటే ఎందుకమ్మా అన్నాను. "మూడోది తొందరగా అయిపోతోంది మిస్, మురికి ఇంకా ఉంది" అంది.

ఇంట్లో ఎవరికైనా వాంతులైతే: గ్లవ్స్ వేసుకుని ముందు పేపరుతో ఎత్తి, సంచిలో మూటకట్టి పారేయండి. తర్వాత బ్లీచ్ కలిపిన నీళ్లతో తడిపి కనీసం 5 నిమిషాలు వదిలేసి అప్పుడు తుడవండి. బ్లీచ్‌లో ఇంకే క్లీనరూ కలపొద్దు, విషవాయువు వస్తుంది. పాడైన బట్టలు దులపకుండా విడిగా, వేడినీళ్లలో ఉతకండి. జబ్బుపడిన వాళ్లు తగ్గాక కూడా రెండు రోజులు మిగతా వాళ్లకు వండకూడదు. మా ఆయమ్మలందరికీ ఇదంతా నేర్పించాం. వాంతికి వేరే ఎర్ర బకెట్, వేరే మాప్ పెట్టాం. ఇప్పుడు వాళ్లే నన్ను సరిదిద్దుతున్నారు.

గోళ్ల గురించి ప్రతి సంవత్సరం రాస్తున్నాను. ప్రతి సంవత్సరం "అలాగే మేడమ్" అంటున్నారు. శుక్రవారం అసెంబ్లీలో చూస్తే ఐదో తరగతిలో సగం మంది గోళ్ల కింద తోట వేయొచ్చు. వారానికి ఒకసారి, రెండు నిమిషాల పని. జేబురుమాలు కూడా వారానికి ఒకటి కాకుండా రోజుకు ఒకటి పెట్టి పంపితే మహా సంతోషం.

మిగతావి: యూనిట్ టెస్టులు వారం పాటు వాయిదా పడ్డాయి, టైంటేబుల్ డైరీలో అతికించాం. రెండో టర్మ్ ఫీజు గడువు నెలాఖరు దాకా పొడిగించాం. పేరెంట్స్ మీటింగ్ రెండో శనివారమే, మార్పు లేదు. వార్షికోత్సవం డ్యాన్స్ డ్రెస్సుల గురించి క్లాస్ టీచర్లను అడగండి, నన్ను అడగొద్దు.

నాలుగో తరగతి రెండు గదులూ కడిగి, ఆరబెట్టాం. సోమవారం నుంచి క్లాసులు మామూలే. 48 గంటలు నిండని వాళ్లు మంగళవారమో బుధవారమో రావొచ్చు, నోట్సు మేం రాయించి ఇస్తాం.

ఇట్లు,
మీ ప్రధానోపాధ్యాయురాలు

తా.క.: ఎవరివో తెలియని నీళ్ల బాటిళ్లు పద్నాలుగు స్టాఫ్ రూమ్‌లో ఉన్నాయి. పేరు రాసి ఉందేమోనని ఒకదాని మూత తీసి లోపలికి చూశాను. మిగతా పదమూడు మీరే వచ్చి తీసుకోండి.