పది ఊళ్ల కాగితం చూశాక

పర్లాకిమిడి,
ఆదివారం మధ్యాహ్నం

చిట్టితల్లీ,

నువ్వు వాట్సాప్‌లో పంపిన యూరప్ ప్రయాణం ప్లాన్ పెద్ద అక్షరాల్లో కాగితం మీద రాసుకుని నాలుగు రోజులుగా చూస్తున్నాను. పదహారు రోజులు, అయిదుగురు స్నేహితురాళ్లు, పది ఊళ్లు. ఆమ్‌స్టర్‌డామ్, బ్రసెల్స్, పారిస్, జూరిక్, మిలాన్, వెనిస్, రోమ్, వియన్నా, ప్రాగ్, బెర్లిన్. వెళ్లొద్దని చెప్పడానికి ఈ ఉత్తరం రాయడం లేదమ్మా. తప్పకుండా వెళ్లు. కానీ ముప్పై ఏళ్లు స్టేషన్ కిటికీలో కూర్చుని టికెట్లు ఇచ్చినవాణ్ని. రెండు ఊళ్ల పేర్లు పక్కపక్కన కనబడితే మధ్యలో ఎంతసేపు పోతుందో లెక్క వెయ్యకుండా ఉండలేను.

పారిస్ నుంచి జూరిక్‌కి రైలు నాలుగు గంటలే అని రాశావు. నిజమే. దానికి ముందు గది ఖాళీ చెయ్యాలి, పెట్టెలు లాక్కుంటూ స్టేషన్‌కి చేరాలి. దిగాక దారి వెతుక్కోవాలి, చాలాచోట్ల మధ్యాహ్నం దాటితేగాని గది ఇవ్వరు. ఊరు మారిన ప్రతిసారీ ఒక పగలు పోయిందనే రాసుకో. పది ఊళ్లంటే తొమ్మిదిసార్లు మారాలి. రానూపోనూ ఇంకో రెండు రోజులు తీసేస్తే, చూడ్డానికి మిగిలేవి అయిదే. అయిదు రోజుల్లో పది ఊళ్లు చూడగలరా?

నా మాట విని అయిదు ఊళ్లే పెట్టుకోండి. ఆమ్‌స్టర్‌డామ్‌లో రెండు రాత్రులు, పారిస్‌లో నాలుగు, జూరిక్‌లో రెండు, వెనిస్‌లో రెండు, రోమ్‌లో నాలుగు. ఆమ్‌స్టర్‌డామ్‌లో దిగి రోమ్‌లో విమానం ఎక్కేలా టికెట్ తీసుకుంటే వెళ్లిన దారినే వెనక్కి రావాల్సిన పని ఉండదు. వియన్నా, ప్రాగ్, బెర్లిన్ ఇంకోసారి కలిపి చూడొచ్చు, అవి ఒకే దారిలో ఉన్నాయి. రైలు పాస్ కొనేముందు మాత్రం ఆగు. ఫ్రాన్స్, ఇటలీల్లో ఫాస్ట్ రైళ్లకు పాస్ ఉన్నా సీటు రిజర్వేషన్‌కి విడిగా డబ్బు కట్టాలి. ఏ రోజు ఏ రైలో ముందే తేల్చుకునేవాళ్లకు విడి టికెట్లే చవగ్గా రావచ్చు. రెండూ కూడి చూడు.

వీసా సంగతి. ఈ ఊళ్లన్నీ షెంగెన్ దేశాల్లోవే, అంటే ఒకే వీసాతో తిరగనిచ్చే దేశాల గుంపు. పారిస్ పేరు పెద్దది కాబట్టి ఫ్రాన్స్‌కి అప్లై చేస్తామన్నావు. అలా కాదు, ఏ దేశంలో ఎక్కువ రోజులుంటే ఆ దేశానికే చెయ్యాలి. నేను రాసిన లెక్కలో వెనిస్, రోమ్ కలిపితే ఇటలీలో ఆరు రాత్రులు, ఫ్రాన్స్‌లో నాలుగే. అంటే ఇటలీకి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే అప్లికేషన్ ఇవ్వొచ్చు, పదిహేను రోజుల లోపు పడితే తీసుకోరు. ఫీజు 90 యూరోలు, వీసా రాకపోయినా వెనక్కి ఇవ్వరు. కనీసం 30,000 యూరోల ఇన్సూరెన్స్ తప్పనిసరి. తిరిగొచ్చే తేదీ తర్వాత కూడా పాస్‌పోర్టుకు మూడు నెలలు గడువు ఉండాలి. నీది ఎప్పటిదాకా ఉందో ఈ రోజే చూసి చెప్పు.

ఆ షెంగెన్ దేశాల మధ్య మామూలుగా గేట్లు ఉండవని, రైలు కిటికీలోంచి చూస్తే దేశం మారినట్టే తెలియదని మీ అన్నయ్య చెబితే నాకు మన పాతపట్నం దారి గుర్తొచ్చింది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడి మనల్ని ఇటు వేశారు, పాతపట్నం అటు, ఇప్పటి ఆంధ్ర వైపు, ఉండిపోయింది. బోర్డుల మీద అక్షరాలు మారితే తప్ప గీత దాటామని తెలియదు. అక్కడా అంతే, కాకపోతే స్విట్జర్లాండ్‌లో డబ్బు మారుతుంది. యూరో కాదు, ఫ్రాంక్. మాటా మారుతుంది. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, సంతలో సవర ఆడవాళ్లతో నాలుగు ముక్కలు, అలా పెరిగినదానివి నువ్వు. మన ఊళ్లో పాఠాలు చెప్పుకుంటూనే గిడుగువారు సవరల భాష నేర్చుకున్నారు కదా. నువ్వు కనీసం పారిస్ దుకాణంలో అడుగుపెట్టగానే ‘బోంజూర్’ అను. అది అనకుండా ధర అడిగితే వాళ్లు మర్యాద తక్కువ అనుకుంటారట.

ఇప్పుడు అసలు చెప్పాలనుకున్నది. 1997లో మేం ఆరుగురం కాశీ, ప్రయాగ, గయ వెళ్లాం. అమ్మకి తెలుసు, నీకెప్పుడూ చెప్పలేదు. ఖర్చంతా నేనే పెట్టి రాశాను, చివర్లో పంచుకుందామన్నాం. పడవలు, మంచి గదులు, అందరం సరే అంటూ పోయాం. మాలో ఒకతనికి అప్పటికి నాలుగు నెలలుగా జీతం లేదు. నలుగురిలో నోరు విప్పలేక మాతో పాటే తలూపాడు. గయలో నేను లెక్క చెప్పినప్పుడు 340 రూపాయల దగ్గర మాటా మాటా పెరిగింది. ఆరేళ్లు మాట్లాడుకోలేదు తల్లీ. వాళ్లమ్మాయి పెళ్లికి కూడా నేను వెళ్లలేదు. తప్పు నాదే. బయల్దేరేముందు, ‘ఎంతవరకు పెట్టగలవు’ అని అతన్ని విడిగా అడిగి ఉండాల్సింది.

మీ అయిదుగురిలో ఒకమ్మాయి మొన్ననే ఉద్యోగంలో చేరిందన్నావు. హోటళ్లు బుక్ చెయ్యకముందే ఆ పిల్లతో నువ్వొక్కదానివే మాట్లాడు. రోజుకి ఇంత అని ఆ పిల్ల మోయగలిగినంతే అందరికీ పెట్టండి. లెక్క ఏ రాత్రికారాత్రి తేల్చుకోండి, మర్నాటికి ఉంచొద్దు. ఒకరికి మ్యూజియం, ఇంకొకరికి నిద్ర కావాలంటే ఆ పూట విడిపోండి, సాయంత్రం కలవండి. అందులో తప్పేం లేదు.

చిన్నవి రెండు. మంగళవారం పారిస్‌లో లూవ్ర్ మ్యూజియం మూసేస్తారు. వాటికన్ మ్యూజియం ఆదివారాలు ఉండదు, నెలలో చివరి ఆదివారం తప్ప. తేదీలు ఆ ప్రకారం వేసుకో. పాలకోవా, నెయ్యి పెడతానని అమ్మ అంటే వద్దన్నాను, పాల సరుకు, మాంసం లోపలికి రానివ్వరు. దాని బదులు చిమ్మిలి చేస్తుందట, కందిపొడి కూడా.

ఒక్క కోరిక. జూరిక్ నుంచి మిలాన్ మీదుగా వెనిస్ వెళ్లేటప్పుడు గొట్‌హార్డ్ సొరంగం వస్తుంది. 2016లో తెరిచారు, 57 కిలోమీటర్లు, ప్రపంచంలోనే పొడవైన రైలు సొరంగం. 1900లో వేసిన మన నౌపడా-పర్లాకిమిడి లైను మొత్తం కన్నా ఎక్కువ. చీకట్లోకి వెళ్లిన నిమిషం, వెలుగులోకి వచ్చిన నిమిషం వాచీ చూసి రాసుకో. నాకు చెప్పాలి.

నాన్న