సంఘం మీటింగులు జరగనివ్వనిది ఎవరు?

సంపాదకుల వారికి నమస్కారం.

పోయిన వారం జిల్లా పేజీలో పొదుపు సంఘాల మీద వచ్చిన వార్త చూశాను. వెంటనే రాద్దామనుకున్నా కోతల పనుల్లో పడి కుదరలేదు. సంఘాల సమావేశాలు కాగితాల మీదే జరుగుతున్నాయని, ఆడవాళ్లు లోను కోసం తప్ప గ్రూపు ముఖం చూడటం లేదని ఒక అధికారి గారు అన్నారట, మీరు దాన్ని పెద్ద అక్షరాలతో వేశారు. అనే ముందు ఆయన, రాసే ముందు మీ విలేకరి, ఏ ఊళ్లోనైనా ఒక్క సంఘం మీటింగులో మొదటి నుంచి చివరిదాకా కూర్చుని ఉంటే ఆ వార్త అలా వచ్చేది కాదు.

మా మీటింగు రాత్రి అన్నాలయ్యాక బడి వరండాలో పెట్టుకుంటాం, పగలైతే కూలికి పోయేవాళ్లు రాలేరు. పట్టా పరుచుకుని గుండ్రంగా కూర్చున్నాక ముందు పోయినసారి తీర్మానం చదవాలి, తర్వాత పొదుపు డబ్బులు మధ్యలో పెట్టి అందరూ చూస్తుండగా లెక్కపెట్టి ఎవరి పాస్‌పుస్తకంలో వాళ్లకు రాయాలి. కంతు తప్పినవాళ్లను అక్కడే అడుగుతాం, మాటా మాటా పెరిగిన రోజులూ ఉన్నాయి. పోయిన నెల ఇద్దరు ఒకేసారి అప్పు అడిగారు, ఒకామె కూతురి నర్సింగ్ కాలేజీ ఫీజుకు, ఇంకొకామె భర్త ఆపరేషన్‌కు. వసూలైన డబ్బు ఇద్దరికీ చాలదు. బ్యాంకులో మా పొదుపు ఉంది కానీ తీయనివ్వరు, ఆ సంగతి తర్వాత రాస్తాను. చాలాసేపు తర్జనభర్జన పడ్డాక ఫీజు కావాల్సినామే "ముందు అన్నని ఆస్పత్రిలో చేర్చు వదినా, నేను కాలేజీలో గడువు అడుక్కుంటాలే" అంది. నూటికి రూపాయి వడ్డీ చొప్పున తీర్మానం రాసి అందరం సంతకాలు పెట్టాం. మాలో ఒక పెద్దామె సంఘంలో చేరాకే సంతకం నేర్చుకుంది, ఒక్కో అక్షరం కూడబలుక్కుని రాస్తుంది, ఆమె పెన్ను కింద పెట్టేదాకా ఎవరూ లేవరు. దీన్ని కాగితాల మీద మీటింగు అంటే మాకు ఎంత కడుపు మండుతుందో ఆలోచించండి.

కొన్ని నెలలు మీటింగు తప్పుతున్న మాట నిజమే, నేను దాచను. ఎందుకు తప్పుతోందో కూడా రాయాలి కదా. ఫలానా చోట సభ ఉంది, గ్రూపుకు ఇంతమంది రావాలి, బస్సెక్కాక ఫోటో పెట్టాలి అని ముందురోజు సాయంత్రం వాట్సాప్‌లో వస్తుంది. రాకపోతే మీ లోను ఫైలు కదలదు అని నోటితో చెబుతారు, రాసి మాత్రం ఇవ్వరు. తెల్లారి బస్సెక్కితే మళ్లీ ఇల్లు చేరేసరికి రాత్రవుతుంది. ఆ రోజు కూలి పోయినట్టే. ఎండలో గంటల తరబడి కూర్చోవాలి, అంతమంది ఆడవాళ్లకు సరిగ్గా మరుగుదొడ్లు ఉండవు, అందుకని మంచినీళ్లు కూడా తాగకుండా బిగబట్టుకుని కూర్చుంటాం. చంటిపిల్లల తల్లులనూ వదలరు. ఇది ఏదో ఒక పార్టీ సంగతి కాదు, ఎవరు గద్దెనెక్కినా కుర్చీలు నింపడానికి గుర్తొచ్చేది పొదుపు సంఘాలే. అలా తిరిగొచ్చిన రాత్రి ఇంకేం మీటింగు పెట్టుకుంటాం? మా ఊరి సంఘాల లెక్కలు చూసే వీఓఏ అమ్మాయిని నేను తప్పుపట్టను, పైనుంచి ఆమెనూ తరుముతుంటారు, ఆమెకిచ్చే గౌరవ వేతనమే సమయానికి రాదు.

పత్రికల వాళ్లకూ ఒక మాట చెప్పాలి. వేదిక మీద తలుపంత చెక్కు పట్టుకుని నిలబడ్డ ఫోటో వేసి, మహిళలకు ఇన్ని కోట్లు పంపిణీ అని రాస్తారు. అది ఊరికే ఇచ్చిన సొమ్ము కాదండీ, బ్యాంకు అప్పు. నెలనెలా అసలూ వడ్డీ కలిపి మేమే కడతాం, ఒకామె కట్టలేకపోతే మిగతావాళ్లం వేసుకుని కడతాం. సున్నా వడ్డీ అన్నా ముందు వడ్డీ మేము కట్టాలి, ఆ తర్వాత ప్రభుత్వం వేసినప్పుడు మా ఖాతాలో పడాలి. కట్టే వాళ్ల ఫోటో ఒక్కరోజైనా వేశారా?

ఇక బ్యాంకు సంగతి. సంఘాలకు పది లక్షల దాకా ఇచ్చే అప్పుకు హామీ అడగకూడదు, డిపాజిట్ పెట్టమనకూడదు, పొదుపు ఖాతాను పట్టి ఉంచకూడదు అని రిజర్వ్ బ్యాంకు స్పష్టంగా ఆదేశాలిచ్చింది. మా బ్యాంకులో మాత్రం లోను తీరేదాకా పొదుపు ముట్టుకోకూడదంటారు. ఆదేశం చూపిస్తే మాకు అలాంటిదేమీ రాలేదంటారు. మా డబ్బు మాకే అక్కరకు రాకపోతే మీటింగుకు వచ్చి ఏం చేయాలని సభ్యులు అడుగుతున్నారు, లీడర్ల దగ్గర దానికి జవాబు లేదు. ఇక్కడ దొరకనివాళ్లు ప్రైవేటు ఫైనాన్సు వాళ్ల దగ్గరికి పోతున్నారు. ఆ కంపెనీల వేధింపులు భరించలేక ప్రాణాలు తీసుకుంటున్నారనే కదా 2010లో ఆర్డినెన్స్ తెచ్చింది. మళ్లీ మా వీధుల్లో వారం కలెక్షన్ల బండ్లు తిరుగుతున్నాయి, దాని మీద ఏ అధికారీ నోరు విప్పరు.

ఈ మాట నెల్లూరు జిల్లాలో అన్నారే అన్నది నాకు ఇంకా బాధ. అక్షరదీపం బడుల్లో నాలుగక్షరాలు దిద్దుకున్న ఆడవాళ్లు దూబగుంటలో సారా మీద తిరగబడితే అది రాష్ట్రమంతా పాకి 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధించాల్సి వచ్చింది. సారా అంగళ్లకు పోకుండా మిగిలిన డబ్బులోంచి రోజుకు రూపాయి పక్కన పెట్టి పొదుపులక్ష్మి సంఘాలు కట్టింది కూడా ఇక్కడి వాళ్లే. మా అత్త ఆ సంఘంలో సభ్యురాలు. అప్పుడు ఆఫీసర్లు రాత్రిళ్లు ఊళ్లకొచ్చి చాప మీద తమతో పాటు కూర్చునేవాళ్లని ఇప్పటికీ చెబుతుంది. ఇప్పుడు జీపు దిగకుండానే రిజిస్టరు తెప్పించుకుని సంతకం పెట్టి పోతున్నారు. క్రమం తప్పని సమావేశం, పొదుపు, అంతర్గత అప్పు, వాయిదా చెల్లింపు, పుస్తకాల నిర్వహణ అని పంచసూత్రాలు మాకు ట్రైనింగుల్లో చెబుతూనే ఉన్నారు. సభలకు లాక్కుపోయి మొదటిదాన్ని, ఖాతా పట్టి ఉంచి మూడోదాన్ని చెడగొట్టింది మేము కాదు.

కాబట్టి నేను అడిగేవి చిన్నవే. సభకు రమ్మనేది ఇష్టమైతేనే అని, రానివాళ్ల లోను ఆపబోమని, మా సంఘాలను చూసే వెలుగు ఆఫీసు నుంచి రాతపూర్వకంగా ఇవ్వండి. రిజర్వ్ బ్యాంకు ఆదేశాన్ని తెలుగులో రాయించి ప్రతి బ్యాంకు గోడకూ అంటించండి. మా పొదుపు ఖాతాను ఈ వారంలోనే వదిలేలా చూడండి. ఆ నర్సింగ్ కాలేజీ వాళ్లు ఇచ్చిన గడువు నెలాఖరు దాకే.

ఇట్లు
ఒక పొదుపు సంఘం సభ్యురాలు,
ఆత్మకూరు ప్రాంతం, నెల్లూరు జిల్లా