మా పెరట్లో పిచ్చుక పిల్లల్ని కాపాడిన అందరికీ

రామ్మూర్తి నగర్‌లో మా వీధివాళ్లందరికీ థాంక్స్ చెప్పాలని రాస్తున్నాను. మా పెరట్లో ఇనుప స్తంభం మీద పెట్టిన చెక్క గూట్లోని నాలుగు గుడ్లూ పిల్లలై, నాలుగూ ఎగిరిపోయాయి. పెంకుటిళ్లు పోయి, కొత్త ఇళ్లలో పిట్ట దూరే సందు కూడా లేకుండా పోయాక బెంగళూరులో మా వైపు పిచ్చుక కనపడటమే అరుదు, అలాంటిది ఒక జంట వచ్చి గూడు పెట్టుకుంటే అది నిలబడింది మీ వల్లే.

పిల్లల కిచకిచలు వినపడగానే పిల్లి స్తంభం ఎక్కడం మొదలుపెట్టింది. తరిమితే పోయేది, మేం లోపలికి రాగానే మళ్లీ హాజరు. రాత్రుళ్లు నిద్ర లేదు, ఒకటే టెన్షన్. గూడు తీసి వరండాలో పెడదామని మా ఆయన అంటే, వెనక వీధిలో ఉండే కడప అక్క (సెలవు దొరికితే పక్షుల్ని చూడ్డానికి లాల్‌బాగ్ వెళ్లే మనిషి) ఫోన్లోనే గట్టిగా వద్దంది. పిల్లలున్న గూడు జరిపితే తల్లీతండ్రీ దాన్ని కనుక్కోలేక వదిలేసే ప్రమాదం ఉందట. స్తంభానికే అడ్డం పెట్టాలని చెప్పి ఊరుకోకుండా, సాయంత్రం ఆఫీసు నుంచి నేరుగా వచ్చి కొలతలు తీసింది.

వెల్డింగ్ షాపు మదనపల్లె అన్నకి ఏమిచ్చినా తక్కువే. చేతిలో ఉన్న గేటు పని పక్కన పెట్టి, రేకు కత్తిరించి, స్తంభం చుట్టూ బోర్లించిన గరాటులా కూర్చునేట్టు రెండు ముక్కలు చేసి తెచ్చి బోల్టులతో బిగించాడు. నేలకి అయిదడుగుల పైన ఉండాలి, కిందకుంటే పిల్లి ఒక్క గెంతులో దాటేస్తుంది. సుత్తి చప్పుడు లేకుండా, తల్లి పిచ్చుక వచ్చిన ప్రతిసారీ పని ఆపి దూరంగా నిలబడి, అది వెళ్లాక మళ్లీ బిగించాడు. గూటి ముందున్న పుల్ల కూడా అక్క చెప్తే కట్ చేసేశాడు, పిచ్చుకలకి అది అవసరం లేదు, కాకి కూర్చుని లోపలికి ముక్కు పెట్టడానికే పనికొస్తుంది.

ఒకరోజు పొద్దున్నే ఈకలు కూడా రాని పిల్ల ఒకటి కింద పడి ఉంది. మనిషి చెయ్యి తగిలితే తల్లి మళ్లీ దగ్గరికి రానివ్వదని చిన్నప్పట్నుంచీ వింటున్నదే కదా, ఎవరూ ముట్టుకోలేదు. అది ఉత్తమాట, వెంటనే గూట్లో పెట్టండి అంది అక్క. మేడ మీద ఇంజనీరింగ్ చదివే బాబు స్టూలెక్కి, గూటి పక్క పలక తీసి లోపల పెట్టాడు. కాసేపటికి తల్లి ముక్కున పచ్చ పురుగు పట్టుకుని వచ్చి, గోడ మీద వాలి అటూ ఇటూ చూసి, లోపలికి దూరింది. నాకు కళ్లనీళ్లు ఆగలేదు.

పురుగు అంటే ఎదురింటి ఆంటీని తలుచుకోవాలి. పిచ్చుకలు గింజలు తినేవే అయినా పిల్లలకి మొదట్లో పెట్టేది పురుగులే. ఆంటీ గులాబీలకి పేనుబంక పట్టి, మందు కొట్టడానికి మనిషిని కూడా మాట్లాడుకున్నారు. విషయం చెప్పగానే "మరిగళు హారి హోగ్లి, ఆమేలె నోడోణ" (పిల్లలు ఎగిరిపోనీ, తర్వాత చూద్దాం) అని కన్నడలో అనేసి ఆపేశారు. పిల్లలు ఎగిరిపోయేదాకా ఒక్క చుక్క మందు కొట్టలేదు, ఎంతో ప్రేమగా పెంచుకున్న మొక్కలవి.

పిల్లిని పెంచుకునే ఇంటివాళ్లకి ప్రత్యేకంగా థాంక్స్. పిల్లి మీద నాకు కోపం లేదు, దాని గుణం అది. పిల్లలు రెండు వారాలు దాటి గూడు వదిలే సమయంలో సరిగ్గా ఎగరలేక నేల మీదే తచ్చాడతాయి, ఆ రోజుల్లో మీరు దాన్ని పగలంతా ఇంట్లోనే ఉంచారు.

పిచ్చుకలు ఏడాదిలో రెండు మూడు సార్లు గుడ్లు పెడతాయి కాబట్టి పాత గడ్డి తీసేసి గూడు శుభ్రం చేశాం. మీరెవరైనా పెట్టాలనుకుంటే కన్నం 32 మిల్లీమీటర్లు చాలు, మరీ పెద్దదైతే గోరువంకలు ఆక్రమిస్తాయి. రేకు కావాలంటే నాకు చెప్పండి, అన్న దగ్గరికి నేనే తీసుకెళ్తాను. మా దగ్గర పైసా తీసుకోలేదు కానీ, ఇకమీదట డబ్బులు తీసుకునేట్టు ఒప్పించాను.