దడుపుకీ కాగితం ఉండాలి

సంపాదకులకు,

ఆంధ్రా సరిహద్దును ఆనుకున్న ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు రోడ్డు ప్రమాద పరిహారపు క్లెయిముల్లో విరిగిన కాలుకు ఎక్స్‌రే జతచేస్తారు. మానసిక గాయాన్ని మాత్రం ‘మనోవేదన’ అని ఒక్క మాట రాసి వదిలేస్తారు. వ్యథ వేరు, వ్యాధి వేరు. ఆత్మీయులు పోతే కలిగే దుఃఖం వ్యథ. ప్రమాదమైన నెలన్నరకూ లారీ హారన్‌కి ఒళ్లు వణకడం, ఆ దారే ఎక్కలేకపోవడం, నిద్రలో అదే దృశ్యం మళ్లీమళ్లీ రావడం వైద్యుడు చూడాల్సిన వ్యాధి.

చట్టంలో దీనికి చోటుంది. మానసిక దిగ్భ్రాంతి కూడా పరిహారపు పద్దేనని సుప్రీంకోర్టు 1995లో హత్తంగడి కేసులో చెప్పింది. ఒంటికి దెబ్బే తగలని కారు డ్రైవరుకు పాత జబ్బు తిరగబెట్టినా పరిహారం అడగవచ్చని ఇంగ్లండులో అదే ఏడాది పేజ్ కేసులో తేలింది. కాబట్టి పాత మానసిక సమస్య ఉంటే దాచకండి. దాచినది క్రాస్ ఎగ్జామినేషన్‌లో బయటపడితే మిగతా సాక్ష్యం కూడా నమ్మరు.

ఎక్కువ క్లెయిములు చెడేది తేదీల దగ్గర. పీటీఎస్‌డీ (భయంకర ఘటన తర్వాత వచ్చే మానసిక వ్యాధి) అని నిర్ధారించాలంటే లక్షణాలు నెల దాటి ఉండాలని వైద్య ప్రమాణం. పదో రోజునే ఆ పేరుతో తెచ్చిన సర్టిఫికెట్ నిలవదు. మొదటి వారంలోనే నిద్రలేమి, దడ గురించి చెప్పి ఓపీ చీటీలో రాయించుకోండి. తాయెత్తు కట్టించుకున్నా సరే, చీటీ మానొద్దు. నెల దాటాక బరంపురం ఎంకేసీజీ వైద్య కళాశాల ఆసుపత్రిలోనో, విశాఖ ప్రభుత్వ మానసిక చికిత్సాలయంలోనో సైకియాట్రిస్టుకు చూపించి, తర్వాత కూడా ఆయన దగ్గరకే వెళ్లండి. రేపు సాక్ష్యం చెప్పాల్సింది ఆయనే. సర్టిఫికెట్‌లో వైకల్యం శాతం ఒక్కటే చాలదు, సంపాదన ఎంత దెబ్బతిన్నదో తేల్చాలని 2010లో రాజ్‌కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మానేసిన డ్యూటీలు, తగ్గిన కూలి రోజులు లెక్క రాసిపెట్టుకోండి. మీ వైద్య రికార్డులు అడిగి తీసుకునే హక్కు 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఇచ్చింది.

మన సరిహద్దులో భాషతో మరో చిక్కు. ‘దడుపు’ అని తెలుగులో చెబితే ఒడియా వాంగ్మూలంలో అది ‘భయ’ అవుతుంది, జబ్బు కాస్తా మామూలు భయమైపోతుంది. అందుకే ఏ రాత్రి ఎన్ని గంటలకు మెలకువ వస్తోంది, ఏ పని మానుకున్నారు అన్నది విడమరిచి చెప్పండి. రాసింది చదివించుకుని విన్నాకే సంతకం పెట్టండి.

ప్రమాదం ఆంధ్రాలోని పాతపట్నంలో జరిగినా పర్లాకిమిడి నివాసి తన జిల్లాలో ప్రమాద పరిహారం తేల్చే ట్రిబ్యునల్‌లోనే క్లెయిము వేయవచ్చు. అయితే 2022 ఏప్రిల్ 1 నుంచి మోటారు వాహనాల చట్టం సెక్షన్ 166(3) ప్రకారం క్లెయిము వేసే గడువు ప్రమాదం నుంచి ఆరు నెలలే. నిర్ధారణకే నెలకు పైగా పోతుంది కనుక చికిత్స పూర్తయ్యేదాకా ఆగకూడదు. క్లెయిము ముందే వేసి, తర్వాతి రిపోర్టులు విచారణలో దాఖలు చేసుకోవచ్చు.

గజపతి, రాయగడ జిల్లాల న్యాయసేవాధికార సంస్థలు ఈ సూచనలను తెలుగులోనూ ఒక పేజీలో అచ్చువేసి ఆసుపత్రుల క్యాజువాలిటీ గోడకు అంటించాలని కోరుతున్నాను.

– ఒక న్యాయవాది, పర్లాకిమిడి