కడపలో కూర్చుని కాలేజీ రేడియో వింటున్నానంటే వీళ్ళ వల్లే

ఏ యాప్ తెరిచినా నిన్న విన్న పాటలే మళ్ళీ ముందుకు వస్తున్నాయని, కొత్తవి ఎక్కడ దొరుకుతాయని తెలిసిన వాళ్ళందరినీ అడిగి విసిగించాను. ఇప్పుడు వినడానికి టైమ్ చాలనన్ని దొరికాయి. సాయం చేసిన వాళ్ళకు అందరి ముందూ థ్యాంక్స్ చెప్పాలని ఈ పోస్టు.

మొదట మా వీధి తమ్ముడికి. జార్జియా టెక్‌లో ఎమ్మెస్ చేస్తూ సెలవులకు ఇంటికొచ్చాడు. అట్లాంటాలో వాళ్ళ యూనివర్సిటీకి డబ్ల్యూఆర్ఈకే అని ఒక రేడియో ఉంది, 91.1 ఎఫ్ఎం. 1968లో మొదలైంది, నడిపేది స్టూడెంట్లే. నెట్‌లో ఎక్కడినుంచైనా వినొచ్చు. నా ఫోన్‌లో అది పెట్టిచ్చి ఊరుకోలేదు, అక్కడ అర్ధరాత్రి అంటే మనకు పొద్దున తొమ్మిదిన్నర, చలికాలంలో వాళ్ళు గడియారం మార్చుకుంటే పదిన్నర అని కాగితం మీద రాసిచ్చాడు. సియాటిల్‌లో ఉండే కేఈఎక్స్‌పీ అనే రేడియో సంగతి కూడా తనే చెప్పాడు. అదీ 1972లో యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్‌లో కేసీఎమ్‌యూ పేరుతో పుట్టిందే. గడిచిన రెండు వారాల ప్రోగ్రాములు వెనక్కి వెళ్ళి వినొచ్చు కాబట్టి షిఫ్టు డ్యూటీ చేసే నాలాంటి వాళ్ళకు బాగా పనికొస్తుంది.

మా నాన్నకు ఇందులో వింతేమీ కనపడలేదు. కడప ఆకాశవాణి వాళ్ళు ఏ వరసలో వేస్తే ఆ వరసలో పాటలు విన్న మనిషి ఆయన. తర్వాతి పాట ఏదో ఇంకొకరు ఎంచి పెడితేనే కదా, మనం ఎన్నడూ వెతకనిది చెవిన పడేది!

ఇక ఎక్కువ రుణపడింది ముఖం కూడా తెలియని ఒక స్టూడెంట్‌కి. ఒకరోజు డబ్ల్యూఆర్ఈకేలో సింథసైజర్ (ఎలక్ట్రానిక్ కీబోర్డు) మీద చాలాసేపు సాగే ఒక ట్రాక్ వేశారు. పేరు చెప్పారు గానీ ఆ యాసలో నాకు అందలేదు. స్టేషన్‌కి మెయిల్ పెట్టాను, జవాబు వస్తుందని అనుకోలేదు. ఆ ప్రోగ్రామ్ చేసినావిడే రాసింది. ట్రాక్ పేరు, అలాంటివే ఇంకొన్ని, ఎక్కడ కొంటే డబ్బు చేసినవాళ్ళకు చేరుతుందో అన్నీ. చివర్లో, ఇండియా వాళ్ళు కదా, చరణ్‌జిత్ సింగ్‌ని విన్నారా అని అడిగింది.

వినలేదు. ముంబైలో సినిమా పాటలకు వాయించిన ఆయన 1982లో రోలాండ్ కంపెనీ టీఆర్-808 డ్రమ్ మెషీన్, టీబీ-303 బేస్ మెషీన్, జూపిటర్-8 సింథసైజర్ పెట్టుకుని డిస్కో బీటు మీద పది రాగాలు వాయించి రికార్డు చేశాడట. గిటారిస్టులకు బేస్ తోడు కోసం తయారైన ఆ టీబీ-303తోనే షికాగో కుర్రాళ్ళు యాసిడ్ హౌస్ అనే డ్యాన్స్ మ్యూజిక్ మొదలుపెట్టింది ఆ తర్వాత కొన్నేళ్ళకు! అప్పట్లో ఎవరూ పెద్దగా పట్టించుకోని ఆ రికార్డు 2010లో మళ్ళీ విడుదలయ్యాకే ప్రపంచానికి తెలిసింది. భైరవ్ రాగం ఆ మెషీన్ల మీద విన్న రోజు నాకు నిద్ర పట్టలేదు. మనవాడి సంగతి అట్లాంటా అమ్మాయి చెప్పాల్సి వచ్చింది, చూడండి.

బ్యాంక్‌లో పనిచేసే మా బాబాయికి కూడా థ్యాంక్స్. పాటలు అమ్మే బ్యాండ్‌క్యాంప్ అనే విదేశీ సైట్‌లో ఆల్బమ్ కొనబోతే కార్డు తీసుకోలేదు. బ్యాంక్ యాప్‌లో విదేశీ లావాదేవీలు మనమే ఆన్ చేసుకోవాలని, పని కాగానే ఆఫ్ చేయమని ఆయనే చెప్పాడు.

ఏడు రోడ్ల దగ్గర రిపేరు షాపు అన్న లేకపోతే ఇదంతా సగమే. ఈ మ్యూజిక్‌లో అసలు సరుకంతా బేస్‌లో ఉంటుంది, ఫోన్ స్పీకర్‌లో అది వినపడదు. నాన్న పాత యాంప్లిఫయర్‌కి ఫోన్ తగిలించే వైరు చేసిచ్చి, గుయ్యిమనే మోత ఎర్తింగ్ సరిచేసి పోగొట్టాడు. డబ్బులిస్తే వైరుకు మాత్రమే తీసుకున్నాడు.

పై వాటాలో ఉండే అత్తా, మీకు థ్యాంక్స్ తోపాటు సారీ కూడా. రాత్రి తొమ్మిది దాటితే ఇయర్‌ఫోన్సే, మాట ఇస్తున్నా.