గైరో కోణాన్ని బిగించాక మళ్లీ కొలవాలి

క్షిపణి ఎటు తిరుగుతోందో కొలిచి దారి చూపే పరికరాలైన గైరోల బిగింపులో వచ్చే కొద్దిపాటి వంకరను ఎవరూ తేలిగ్గా తీసుకోకూడదు. 2013 జులై 2న బైకనూర్ ప్రయోగ కేంద్రంలో రష్యా ప్రోటాన్-ఎం రాకెట్ లేచిన అరనిమిషంలోనే కూలిపోయి, జీపీఎస్ లాంటి రష్యా వ్యవస్థ గ్లోనాస్‌కు చెందిన మూడు ఉపగ్రహాలు బూడిదయ్యాయి. కోణీయ వేగాన్ని కొలిచే సెన్సార్లను తలకిందులుగా బిగించడమే కారణం. ఏది పైకి ఉండాలో చెప్పే బాణం గుర్తు వాటి మీద ఉంది కూడా! తలకిందులైతే కనీసం కంటికి కనిపిస్తుంది, వెంట్రుకవాసి తేడా కనిపించదు. విడిభాగాల వర్క్‌షాపులో చాలాకాలం పనిచేసినవాణ్ని. గైరోను పట్టి ఉంచే 60 మిల్లీమీటర్ల బ్రాకెట్ అంచు కింద 0.1 మిల్లీమీటరు లోహపు రజను ఇరుక్కోవడం కళ్లారా చూశాను. అంతమాత్రానికే కోణం దాదాపు 0.1 డిగ్రీ మారుతుంది. ఆ తేడా దిశ కొలతలో వస్తే, ఉపగ్రహ సాయం లేకుండా 100 కిలోమీటర్లు వెళ్లే క్షిపణి సుమారు 175 మీటర్లు పక్కన పడుతుంది. అక్కడ ఇళ్లుంటే? స్క్రూలు పూర్తిగా బిగించాక కోణాన్ని మళ్లీ కొలవాలి, బిగించినవాళ్లు కాకుండా వేరేవాళ్లు కొలిచి సంతకం పెట్టాలి. ఈ నిబంధనను విడిభాగాలు చేసిచ్చే చిన్న యూనిట్లకూ ఆర్డర్‌లోనే రాసివ్వాలి.

– ఒక రిటైర్డ్ టెక్నీషియన్, బాలానగర్, హైదరాబాద్