మన షార్ట్ ట్రాక్ ఫ్యాన్స్ సంఘం వార్షిక నివేదిక 2025-26 (చలికాలం కబుర్లతో సహా)

సభ్యులందరికీ నమస్కారం.

ఈ నివేదిక జనవరి మీటింగ్‌కే రావాలి. బౌమన్ గ్రే క్లాష్, అంటే సీజన్‌కి ముందు ఆ ట్రాక్‌లో జరిగే నాస్కార్ కార్ రేసు, చూసేశాక రాస్తే బాగుంటుందని కమిటీలో అనుకున్నాం, ఆ క్లాష్ ఏమో మంచు దెబ్బకి ఫిబ్రవరి 1 నుంచి 4కి జరిగింది, దాంతో పాటే ఇదీ జరిగింది. జమాఖర్చుల కాగితం ట్రెజరర్ గారు విడిగా పంపిస్తారు. ఇందులో డబ్బుల సంగతి తక్కువ, కబుర్లు ఎక్కువ, ముందే చెప్తున్నా.

ఈ ఏడాది కొత్తగా చేరినవాళ్ళు బాగానే ఉన్నారు, షార్లెట్‌కి బ్యాంకు ప్రాజెక్టుల మీద వచ్చి కాన్‌కార్డ్, హారిస్‌బర్గ్ వైపు ఇల్లు కొనుక్కుని, ఈ సౌండ్ ఎక్కడిదిరా బాబూ అని కనుక్కుంటూ మన దగ్గర తేలినవాళ్ళే ఎక్కువ. వాళ్ళకోసం రెండు ముక్కలు. మనం ఫాలో అయ్యేది ఆదివారం టీవీలో వచ్చే పెద్ద నాస్కార్ రేసులు, అంటే కప్ సిరీస్, ఒక్కటే కాదు, అసలు సరదా అంతా షార్ట్ ట్రాక్ అనే ఈ చిన్న ట్రాకుల్లో ఉంది, వారమంతా ఏదో షాపులో పని చేసుకుని శనివారం రాత్రి హెల్మెట్ పెట్టుకునే డ్రైవర్లు, వాళ్ళ లేట్ మోడల్ కార్లు (పైకి మామూలు కారులా ఉండే రేసు కార్లు), మాడిఫైడ్‌లు (చక్రాలు బయటికి కనిపించేవి). మన నార్త్ కరోలినాలో బౌమన్ గ్రే పావు మైలు, అదీ ఫుట్‌బాల్ గ్రౌండ్ చుట్టూ. హికరీ అర మైలు కూడా ఉండదు. నార్త్ విల్క్స్‌బరో 0.625 మైళ్ళు. ఇక ఆఫ్ సీజన్ అంటారా, పేరుకే. సౌత్ కరోలినాలో ఫ్లోరెన్స్ ట్రాక్ వాళ్ళు నవంబర్‌లో సౌత్ కరోలినా 400 పెట్టి షట్టర్ దించుతారు, ఫిబ్రవరికల్లా ఐస్‌బ్రేకర్ అని మళ్ళీ ఎత్తుతారు, మధ్యలో డిసెంబర్ మొదటి ఆదివారం ఫ్లోరిడాలో పెన్సకోలా దగ్గర స్నోబాల్ డెర్బీ. మిగిలిన వారాలు మనకి చాయ్, పకోడీ, పుకార్లు.

ఎండాకాలం సంగతులు త్వరగా చెప్పేస్తా, ఫొటోలు అందరూ చూసే ఉన్నారు. బౌమన్ గ్రేకి ఫ్యామిలీస్‌తో వెళ్ళాం, పార్కింగ్‌లో డిక్కీలు ఎత్తి పులిహోర, పెరుగన్నం, ఒక ఆంటీ గారు తెచ్చిన గోంగూర పచ్చడి, పక్క ట్రక్ వాళ్ళు వచ్చి ఇదేంటని అడిగి పులిహోర తిని రెండోసారి కూడా వేయించుకున్నారు. పిల్లలకి ఇయర్ మఫ్స్ మర్చిపోవద్దని ఎంత చెప్పినా ఎవరో ఒకళ్ళు మర్చిపోతారు, ఈసారి సంఘం తరఫున ఒక డబ్బా కొని పెట్టాం, గుర్తుపెట్టుకుని తిరిగి ఇచ్చేయండి. అక్కడ గొడవలు ఎందుకు అంత ఫేమస్ అంటే, మా భీమవరం బ్యాచ్ భాషలో అది సంక్రాంతి బరి, పుంజులు మారతాయి గానీ పక్కన నిలబడి అరిచే జనం తాతల కాలం నుంచీ అవే కుటుంబాలు. 1949 నుంచి నాస్కార్ రేసులు జరుగుతున్న చోటు మరి. అక్కడి డ్రైవర్లలో టిమ్ బ్రౌన్ వైపు కూర్చున్నవాళ్ళు బర్ట్ మైయర్స్‌కి చప్పట్లు కొట్టరు, అంతే. మనవాళ్ళు తెలియక ఇద్దరికీ కొట్టారు, ముందు వరుస పెద్దాయన వెనక్కి తిరిగి చూసిన చూపు ఇంకా గుర్తుంది.

షార్లెట్ మోటార్ స్పీడ్‌వేలో సమ్మర్ షూటౌట్‌కి కూడా వెళ్ళాం. పెద్ద ట్రాక్ ముందు భాగంలో పావు మైలు గీసి లెజెండ్స్, బ్యాండొలేరో అనే చిన్న రేసు కార్లు పరిగెత్తిస్తారు. బ్యాండొలేరోలో ఎనిమిదేళ్ళ పిల్లలు కూడా నడపొచ్చు అని తెలిసిన దగ్గర్నుంచి ముగ్గురు తండ్రులకి నిద్రలేదు, ముగ్గురు తల్లులకి అంతకన్నా లేదు. ఆ ఇళ్ళలో విషయం ఇంకా తేలలేదు, సంఘం తలదూర్చదు.

ఇక చలికాలం.

డిసెంబర్ మీటింగ్ స్నోబాల్ డెర్బీ చూడ్డానికి ఒక సభ్యుడి బేస్‌మెంట్‌లో పెట్టుకున్నాం. ఆ రేసు 300 ల్యాపులు, కానీ చెకర్డ్ ఫ్లాగ్ పడితే అయిపోయినట్టు కాదు, ఆ తర్వాత కారు రూల్స్ ప్రకారం ఉందా అని చూసే టెక్ ఇన్‌స్పెక్షన్ గది ఉంది, దానికి రూమ్ ఆఫ్ డూమ్ అని పేరు. కొత్తవాళ్ళకి ఆ రాత్రి పాత కథలన్నీ చెప్పాం. 2013లో చేజ్ ఎలియట్ గెలిచాడు, ట్రోఫీతో ఫొటోలు దిగాడు, తర్వాత కారులో బరువు కోసం పెట్టిన టంగ్‌స్టన్ ముక్క దొరికింది, రూల్ ఒప్పుకోదు, గెలుపు ఎరిక్ జోన్స్‌కి పోయింది. మళ్ళీ 2015లో ముందు దాటింది క్రిస్టఫర్ బెల్, టెక్‌లో పోయాడు, ఆ ట్రోఫీ వచ్చి ఎలియట్ ఒళ్ళో పడింది. 2019లో స్టీఫెన్ నాసీ వంతు, గెలిచిన రాత్రే పోయింది, ట్రావిస్ బ్రేడెన్‌కి ఇచ్చారు. అందుకే మన గ్రూపులో రూల్ పెట్టాం, డెర్బీ రోజు టెక్ అయ్యేదాకా ఎవరూ కంగ్రాట్స్ స్టిక్కర్ పెట్టకూడదు.

టంగ్‌స్టన్ ఎందుకు అని ఆ రాత్రి ఒక చెల్లెమ్మ అడిగింది, మంచి ప్రశ్న. సీసం కన్నా అది బరువు, అదే బరువు చిన్న ముక్కలో ఇమిడిపోతుంది, ఇంకా కిందకి, ఇంకా కావాల్సిన చోట పెట్టొచ్చు. ట్రాక్ అంతా ఎడమ తిరుగుడే కాబట్టి ఎడమ వైపు ఎంత బరువు ఉంటే అంత గ్రిప్, అందుకే ఎడమ వైపు ఇంత శాతం మించకూడదని రూల్. కుడి టైరు చుట్టుకొలత ఎడమ దానికన్నా కాస్త ఎక్కువ పెడతారు, కారు దానంతటదే ఎడమకి లాగుతుంది. ఇలాంటి చోట అర అంగుళంలోనే దొంగతనం జరుగుతుంది.

అది కళ్ళారా చూడాలంటే హికరీలో రేసయ్యాక పిట్స్‌లోకి రండి, మేము వెళ్ళాం. రేకుల షెడ్డు కింద కారు ఎత్తి పెట్టారు, ఇంజన్ ఇంకా టిక్ టిక్ అని చల్లారుతోంది, ఇన్‌స్పెక్టర్ మోకాళ్ళ మీద కూర్చుని చిన్న గడియారం లాంటి పరికరం టైరు మీద గుచ్చి రబ్బరు ఎంత మెత్తగా ఉందో చూశాడు, ఒకచోట కాదు నాలుగుచోట్ల. టైర్లని కెమికల్‌లో నానబెట్టి మెత్తబరిస్తే కొన్ని ల్యాపులు జిగురులా పట్టుకుంటాయి, అది దొంగపని, అనుమానం వస్తే ముక్క కోసి ల్యాబ్‌కి పంపిస్తారు. తర్వాత టార్చి వేసి ఇంజన్ బోల్టులు చూశాడు. క్రేట్ ఇంజన్ ఫ్యాక్టరీ నుంచే సీల్ వేసి వస్తుంది, ఆ బోల్టు తల మీద గీత పడిందా అయిపోయారు. డ్రైవర్ వాళ్ళ నాన్న రెండు చేతులూ జేబుల్లో పెట్టుకుని పైకప్పు వైపు చూస్తున్నాడు. ఓకే అన్నాక ఆయన ఊపిరి వదిలిన సౌండ్ మాకు వినిపించింది. కారు పాసైంది గానీ పక్క టీమ్ వాళ్ళు నమ్మలేదు, ఆ అనుమానమే నవంబర్ నుంచి అందరి నోళ్ళలో నానింది.

ఎవరు ఏ టీమ్‌కి అన్నది ఇంకో పెద్ద టాపిక్. మన బటర్‌బీన్, అంటే బ్రెండన్ క్వీన్, 2024లో కార్స్ టూర్ అనే షార్ట్ ట్రాక్ సిరీస్‌లో లేట్ మోడల్ స్టాక్ ఛాంపియన్, 2025లో ఆర్కా (నాస్కార్ కింది మెట్టు సిరీస్) ఛాంపియన్, ఇప్పుడు నాస్కార్ ట్రక్ సిరీస్‌లో కౌలిగ్ టీమ్ వాళ్ళ కొత్త రామ్ ట్రక్ ఎక్కాడు. ఈ వార్త బయటికి రాకముందే మన గ్రూపులో ఒకాయన చెప్పాడు, ఆయన ఇప్పుడు కాలరెగరేసుకుని తిరుగుతున్నాడు, కానీ అదే ఆయన చెప్పిన మిగతావి ఒక్కటీ నిజం కాలేదని కూడా రికార్డు కోసం రాస్తున్నా. జోష్ బెర్రీ కథ అందరికీ తెలిసిందే, కంప్యూటర్‌లో ఐరేసింగ్ అనే రేసు గేమ్ ఆడుతూ నాస్కార్ పాత స్టార్ డేల్ ఎర్న్‌హార్ట్ జూనియర్ కంట్లో పడి, ఏళ్ళ తరబడి ఆయన లేట్ మోడల్ నడిపి, 2020లో నాస్కార్ లోకల్ ట్రాకుల నేషనల్ వీక్లీ ఛాంపియన్ అయి, 2025 మార్చిలో లాస్ వేగస్‌లో కప్ రేస్ గెలిచాడు. ఈ ఒక్క కథ చూపించి ప్రతి చలికాలం ఎంతమంది తండ్రులు ఇల్లు తాకట్టు పెడతారో. కార్లు కొనే ప్రకటనలు చూస్తే అర్థమవుతుంది, డిసెంబర్‌లో ఫేస్‌బుక్ నిండా రోలర్లే, అంటే ఇంజన్ లేకుండా అమ్మే కారు, కింద ఒకటే లైను, ఫ్యామిలీతో టైమ్ గడపాలని అమ్ముతున్నాం. ఫిబ్రవరిలో అదే మనిషి ఇంకో కారు కొంటున్నట్టు పోస్టు.

మనవాళ్ళు ఎవరైనా నడిపారా అని ప్రతి ఏడూ అడుగుతారు. తెలుగువాడు కాదు గానీ కోయంబత్తూరు నారాయణ్ కార్తికేయన్ 2010లో ట్రక్ సిరీస్‌లో దిగాడు, మొదటి రేసు మార్టిన్స్‌విల్ షార్ట్ ట్రాక్ మీదే, 13వ స్థానం, ఫార్ములా వన్ నుంచి వచ్చి ఆ అర మైలులో అది తక్కువేం కాదు. ఆ ఏడాది మోస్ట్ పాపులర్ డ్రైవర్ కూడా ఆయనే, ఓట్లు ఎక్కడి నుంచి పడి ఉంటాయో వేరే చెప్పాలా.

క్లాష్ గురించి. 2025 ఫిబ్రవరిలో కప్ కార్లు బౌమన్ గ్రేకి వచ్చాయి, 1971 తర్వాత అదే మొదలు, గెలిచింది చేజ్ ఎలియట్. ఆ 1971 రేసు మీద కూడా ఒక పాత తగాదా ఉంది, బాబీ అలిసన్ చిన్న మస్టాంగ్‌లో గెలిచాడు, అది వేరే క్లాస్ కారు అని గెలుపు లెక్కలో రాయలేదు, చివరికి 2024 అక్టోబర్‌లో నాస్కార్ ఒప్పుకుని 85వ గెలుపుగా రాసింది, పెద్దాయన నవంబర్‌లో పోయారు. యాభై మూడేళ్ళు పట్టింది ఒక గీత గీయడానికి. ఈ ఏడాది మంచు పడి రెండుసార్లు వాయిదా పడి బుధవారం జరిగింది, మనవాళ్ళలో సగం మంది ఆదివారానికి టికెట్లు కొని బుధవారం ఆఫీసులో ఇరుక్కున్నారు, స్టాండప్ మీటింగ్‌లో కెమెరా ఆపేసి ఫోన్‌లో చూసినవాళ్ళ పేర్లు రాయను. గెలిచింది రయన్ ప్రీస్, కనెక్టికట్ మాడిఫైడ్ కుర్రాడు, 2013లో మాడిఫైడ్ టూర్ ఛాంపియన్, అలాంటి ట్రాక్ మీద అలాంటివాడే గెలవాలి.

ఇప్పుడు అసలు విషయం. చలికాలం అంతా మనం డ్రైవర్ల గురించి మాట్లాడుకుంటాం, నాకేమో ట్రాక్ ఎవరి చేతిలో ఉంది అన్న కబురే ముఖ్యం అనిపిస్తోంది, డ్రైవర్ ఇక్కడ కాకపోతే ఇంకోచోట నడుపుతాడు, ట్రాక్ పోతే పోయినట్టే. మర్టిల్ బీచ్ 2020లో మూసేశారు, అక్కడి ఐస్‌బ్రేకరే ఫ్లోరెన్స్‌కి వచ్చింది. మన పక్కనే ఉన్న కాన్‌కార్డ్ స్పీడ్‌వే లేదు. గ్రీన్‌విల్-పికెన్స్‌లో, 1971లో మొదటి నుంచి చివరిదాకా టీవీలో లైవ్ చూపించిన మొదటి నాస్కార్ రేసు జరిగిన చోట, రేసులు ఆగిపోయాయి. కాలిఫోర్నియాలో ఇర్విన్‌డేల్ 2024 డిసెంబర్‌తో సరి. కారణం ఎక్కడైనా ఒకటే, ఊరు పెరిగి భూమి రేటు పెరిగింది, శనివారం టికెట్ల డబ్బు దాని ముందు ఎంత. హైదరాబాద్ చుట్టుపక్కల పొలాలు ఏమయ్యాయో చూసినవాళ్ళం, మనకి కొత్తగా చెప్పక్కర్లేదు. మనం కొన్న ఇళ్ళు కూడా ఆ లెక్కలో ఉన్నాయని జనవరిలో ఒకాయన అన్నారు, కాసేపు వాదన జరిగింది, తేలలేదు.

మంచి వైపు కూడా ఉంది. నార్త్ విల్క్స్‌బరోలో 1996తో కప్ రేసులు ఆగి ట్రాక్‌లో గడ్డి మొలిచింది. 2019 డిసెంబర్‌లో, అదీ ఆఫ్ సీజన్‌లోనే, డేల్ జూనియర్ మనుషుల్ని తీసుకెళ్ళి కంప్యూటర్ గేమ్‌లో అయినా మిగలాలని శుభ్రం చేయించి స్కాన్ చేయించాడు. తర్వాత కోవిడ్ సాయం డబ్బుల్లోంచి 18 మిలియన్ డాలర్లు వచ్చాయి, 2022 ఆగస్టులో ఆయనే లేట్ మోడల్‌లో దిగి మూడో స్థానంలో వచ్చాడు, 2023 నుంచి 2025 దాకా పాయింట్లు లేని ఆల్ స్టార్ రేసు, ఇప్పుడు 2026 జులై 19న పాయింట్లు ఉన్న పూర్తి కప్ రేసు. కార్స్ టూర్‌ని కూడా 2023లో మాజీ నాస్కార్ డ్రైవర్లు జూనియర్, కెవిన్ హార్విక్, జెఫ్ బర్టన్, జస్టిన్ మార్క్స్ కలిసి కొన్నారు. బౌమన్ గ్రేని 2024 నుంచి నాస్కారే నడుపుతోంది, సిటీతో లీజు 2050 దాకా. పాత జనానికి ఇది నచ్చలేదు, పెద్ద కంపెనీ చేతిలో పడితే మాడ్‌హౌస్ (బౌమన్ గ్రే ముద్దుపేరు) కాస్తా మాల్ అవుతుందని వాళ్ళ భయం. నాకైతే లీజు కాగితం మీద 2050 అని ఉండటమే హాయిగా ఉంది.

పుకార్ల గురించి ఒక తీర్మానం జరిగింది. డిసెంబర్‌లో మన వాట్సాప్‌లో ఫలానా ట్రాక్ అమ్మేశారట అని ఒక ఫార్వర్డ్ తిరిగింది, అందులో ఒక్క ముక్క నిజం లేదు, అది తెలుగు గ్రూపుల్లోంచి ఎక్కడెక్కడికో పోయి చివరికి ఆ ట్రాక్‌లో టికెట్లు చింపే ఆయన మనల్నే అడిగాడు. ఇక నుంచి ఎవరు ఏ కబురు పెట్టినా ముందు పుకారు అని రాసి పెట్టాలి. పుకార్లు ఆపమని కాదు, ఆపితే నవంబర్ నుంచి గ్రూపులో గుడ్ మార్నింగ్ ఫొటోలు తప్ప ఏం మిగలవు.

ఎన్నికల్లో పాత కమిటీయే మళ్ళీ వచ్చింది, పోటీకి ఎవరూ నిలబడలేదు, దీన్ని నమ్మకం అనుకోవాలో తప్పించుకోవడం అనుకోవాలో తెలియదు. ఏప్రిల్‌లో బౌమన్ గ్రే తెరిచాక మొదటి శనివారాల్లో ఒకటి మనది, తేదీ గ్రూపులో పెడతాం. జులై 19కి విల్క్స్‌బరో టికెట్లు కావాల్సినవాళ్ళు ఇప్పుడే చెప్పండి, కార్‌పూల్ లిస్టు వైస్ ప్రెసిడెంట్ గారి దగ్గర ఉంది. చందా కట్టనివాళ్ళు మార్చి లోపు కట్టేయండి, ఇయర్ మఫ్స్ ఇంటికి తీసుకెళ్ళినవాళ్ళు కూడా అప్పుడే తెచ్చేయండి, మూడు జతలు తక్కువొచ్చాయి, పింక్ రంగువి.

మీ కార్యదర్శి